నీటి జీవుల పరీక్షా కిట్: వల మంచిది, స్కోరు పట్టిక చిత్తడి నేలలకు పనికిరాదు

నీటిలోని వెన్నెముక లేని జీవులను బట్టి ఆ నీటి ఆరోగ్యాన్ని అంచనా వేయడానికి ఆన్‌లైన్‌లో అమ్ముతున్న ఈ కిట్‌లో 500 మైక్రాన్ల (అర మిల్లీమీటరు) రంధ్రాల వల, తెల్లటి ట్రే, భూతద్దం, స్కోరు పట్టిక ఉన్నాయి. 2002 నుంచి రామ్‌సార్ గుర్తింపు (అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడి నేలలకు ఇచ్చేది) ఉన్న కొల్లేరు సరస్సు అంచున దీనిని వాడి చూశాను.

వల గట్టిది. గుర్రపుడెక్క వేళ్ల మధ్య లాగినా చిరగలేదు. తూనీగ లార్వాలు, నత్తలు, జలగలు, ఎర్రటి కైరోనమిడ్ (కుట్టని దోమలాంటి ఈగ) లార్వాలు ట్రేలో స్పష్టంగా కనిపించాయి. పిడి మాత్రం పొట్టిది.

అసలు చిక్కు పట్టికతోనే. ఇది బ్రిటన్ నదుల కోసం రూపొందిన బీఎండబ్ల్యూపీ పద్ధతి: దొరికిన జీవుల కుటుంబాలకు, కాలుష్యాన్ని తట్టుకోలేని కొద్దీ ఎక్కువ మార్కులిచ్చి కూడుతుంది. కాలుష్యానికి తాళలేని కొన్ని మేఫ్లై (లార్వా దశలో నీటిలో పెరిగే కీటకం) కుటుంబాలకు ఇందులో 10 మార్కులు, కైరోనమిడ్లకు 2 మార్కులు వస్తాయి. పారే నీటికి ఈ లెక్క సరిపోతుంది. కానీ కుళ్లే ఆకులతో, నిలిచిన నీటితో సహజంగానే ఆక్సిజన్ తగ్గే చిత్తడి నేలలో, హిమోగ్లోబిన్ సాయంతో బతికే ఎర్ర లార్వాలు ఎక్కువగా ఉన్నంత మాత్రాన చేపల చెరువుల వ్యర్థజలాన్ని తప్పుపట్టలేము. మరోవైపు, నిలిచిన నీటిని బాగా తట్టుకునే తూనీగలు కూడా 8 మార్కులు తెచ్చి మొత్తాన్ని పెంచేస్తాయి (విక్రేత వివరణలో ఈ హెచ్చరిక ఎక్కడా లేదు).

రసాయన పరీక్ష ఆ క్షణపు నీటిని చూపిస్తే, ఈ జీవులు గడిచిన వారాల పరిస్థితిని చెబుతాయి కనుక, కళాశాలలు వల కోసం దీనిని కొనవచ్చు. అయితే పట్టికను పక్కనపెట్టి, అదే సరస్సులో తక్కువగా చెదిరిన చోట, అదే రుతువులో పట్టిన జీవులతో పోల్చుకోవాలి. నాసిరకం భూతద్దం బదులు 10 రెట్లు పెద్దదిగా చూపేది విడిగా తీసుకోవడం మేలు.