సింగపూర్‌లో పెద్దల ఇళ్లు: ఉక్కపోతకు తగిన కట్టడం

సింగపూర్‌లో డెబ్బై దాటిన మా అమ్మగారితో కలిసి చూసినవాటిలో నేను మొదట చెప్పదలచినది, అడ్మిరాల్టీ మెట్రో స్టేషనును ఆనుకొని ఉన్న కాంపుంగ్ అడ్మిరాల్టీ. వోహా అనే సంస్థ రూపకల్పన చేసిన ఈ సముదాయానికి ప్రపంచ వాస్తుశిల్ప ఉత్సవంలో 2018 సంవత్సరపు ఉత్తమ భవన పురస్కారం దక్కింది. హెక్టారుకన్నా తక్కువ స్థలంలో నేలమట్టాన విశాలమైన ఆవరణను, దానిపైన భోజనశాలలను, ఆపైన వైద్యకేంద్రాన్ని, ఇంకా పైన శిశు సంరక్షణ కేంద్రాన్ని, తోటలను, రెండు బ్లాకుల్లో వృద్ధుల కోసం 104 చిన్న ఫ్లాట్లను ఇమిడ్చారు.

భూమధ్యరేఖకు ఇంత దగ్గరి ఊళ్లో ఏడాది పొడవునా ఉక్కపోత, చెప్పకుండా వచ్చే వాన తప్పవు. ముసలివారిని ఇంటికి కట్టిపడేసేవి మోకాళ్ల నొప్పులే కాదు, ఎండా, తడిసిన నేలా కూడా. ఇక్కడి ఆవరణకు పై అంతస్తులే కప్పు, పక్కలు తెరిచే ఉంటాయి కనుక, ఏసీ లేకపోయినా మధ్యాహ్నం రెండింటికి అమ్మ హాయిగా కూర్చోగలిగింది. భోజనానికైనా డాక్టరు దగ్గరికైనా లిఫ్టు చాలు, గొడుగు అక్కరలేదు. ఫ్లాట్లలోకి సందర్శకులను రానివ్వరు, అదే న్యాయం. అయితే గాలి ఇటునుంచి అటు ఆడేలా వాటిని కట్టారనీ, జారని పలకలు, పట్టుకునే కడ్డీలు అమర్చారనీ, ఇరుగుపొరుగు కూర్చోవడానికి గుమ్మాల దగ్గర బెంచీలు వేశారనీ తెలిసింది.

బుకిత్ బాటోక్‌లోని హార్మొనీ విలేజ్ పద్ధతి వేరు. 65 ఏళ్లు దాటినవారికి కేటాయించిన 169 ఇళ్లలో, అత్యవసర పర్యవేక్షణ వంటి ప్రాథమిక సేవలను ఇంటితోపాటే తప్పనిసరిగా తీసుకోవాలి. ఒంటరి పెద్దలకు ఇదే భద్రమని నా అభిప్రాయం. కాలక్షేపానికి మాత్రం అడ్మిరాల్టీయే మేలు.

మేము దిగిన హోటలు ఇందుకు పూర్తిగా విరుద్ధం: తెరుచుకోని కిటికీలు, స్నానాలగదికి జానెడు గడప. మెట్రోలో మాత్రం ప్రతి స్టేషనులోనూ లిఫ్టు ఉండటం వల్ల ఆమె ఎక్కడా మెట్లు ఎక్కవలసి రాలేదు.

విశాఖ, కాకినాడ వంటి తేమ ఊళ్లలో వృద్ధాశ్రమం కట్టదలచినవారు ఈ తెరిచిన ఆవరణను నిస్సంకోచంగా అనుసరించవచ్చు. మే నెలలో వడగాలి కొట్టే రామగుండంలో అదే పని చేస్తే పెద్దలకు ప్రమాదం. అక్కడ మందపాటి గోడలు, పగలు మూసి రాత్రి తెరిచే కిటికీలు కావాలి.