ఫోటో చేతికిస్తే అనుమతి వచ్చినట్టేనా? జర్నలిజం విద్యార్థుల చేతిలో ఇన్‌స్టాక్స్ మినీ లింక్ 2

ఫ్యూజీఫిల్మ్ సంస్థ 2022లో తెచ్చిన ఇన్‌స్టాక్స్ మినీ లింక్ 2 ప్రింటరును మన దగ్గర ఎక్కువగా పెళ్ళిళ్ళకూ పుట్టినరోజు వేడుకలకూ కొంటున్నారు. నేను దాన్ని పరిశీలించింది వేరే అవసరం కోసం. జర్నలిజం విద్యార్థులు ల్యాబ్ జర్నల్ (శిక్షణలో భాగంగా వారే నడిపే పత్రిక) కోసం సంతలకూ జాతరలకూ బస్తీలకూ వెళ్ళి మనుషుల ఫోటోలు తీస్తారు. ఆ మనుషుల్లో చాలామందికి తమ ఫోటో ఎలా వచ్చిందో, ఎక్కడ అచ్చయిందో ఎన్నటికీ తెలియదు. అక్కడికక్కడే ఒక ప్రతి వారి చేతిలో పెట్టి రావడానికి ఈ చిన్న యంత్రం పనికొస్తుందా అన్నది నా ప్రశ్న. పాఠం చెప్పేవాడిగా, విద్యార్థులతో కలిసి దీన్ని వాడినవాడిగా నా అభిప్రాయం ముందే చెబుతాను. కృతజ్ఞత తెలపడానికీ, ఇచ్చిన అనుమతిని మరొక్కసారి అడిగి నిర్ధారించుకోవడానికీ ఇది చక్కని సాధనం. అనుమతి రాబట్టుకోవడానికి మాత్రం దీన్ని వాడకూడదు.

యంత్రం గురించి చెప్పవలసింది తక్కువే. బరువు పావుకిలో లోపు. సెల్‌ఫోనుతో బ్లూటూత్ ద్వారా కలుస్తుంది. ఫోనులో ఎంచుకున్న ఫోటోను పదిహేను సెకన్లలో కాగితంగా బయటికి తోస్తుంది. తెల్లని అంచు పోగా బొమ్మ కొలత 62 మిల్లీమీటర్లు, 46 మిల్లీమీటర్లు. అయితే బయటికి వచ్చిన కాగితం మీద మొదట ఏమీ కనబడదు. ఫిల్ములో ఉండే రసాయనం పరుచుకుని బొమ్మ తేలడానికి దాదాపు ఒకటిన్నర నిమిషం పడుతుంది. ఈ యంత్రం మొత్తంలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచింది ఆ ఒకటిన్నర నిమిషమే. ఒకరి ఫోటో తీసిన మరుక్షణం ఇంకొకరి వైపు తిరిగిపోయే విద్యార్థి ఆ కాసేపు అక్కడే నిలబడక తప్పదు. నిలబడ్డాక మాట్లాడక తప్పదు. ఇది ఏ పత్రికలో వస్తుంది, పేరు రాయవచ్చా, ఊరి పేరు రాయవచ్చా అన్న ప్రశ్నలన్నీ ఆ వేచివుండే సమయంలో సహజంగా వస్తాయి. బొమ్మ తేలాక దాన్ని చూసి 'ఇది వద్దు బాబూ' అనే అవకాశం అవతలి మనిషికి దొరుకుతుంది.

చిక్కులు కూడా ఉన్నాయి. ఈ ఫిల్మును 5 నుంచి 40 డిగ్రీల మధ్య వాడాలని తయారీదారులు సూచిస్తారు. మే నెలలో రామగుండంలోనో ఖమ్మంలోనో పగటిపూట ఆ సూచనను పాటించడం ఎలాగో మనకు తెలిసిందే. ప్యాకెట్టులో పది షీట్లే ఉంటాయి, ఒక్కోటి యాభై రూపాయల చుట్టుపక్కల పడుతుంది. ఇంకొకటి, యంత్రం కన్నా ఎక్కువగా ఫోనుకు సంబంధించినది: ముఖాలను నునుపు చేసి తెల్లబరిచే బ్యూటీ మోడును ముందే ఆపివేయాలి. ఎండలో కలుపు తీసి వచ్చిన మనిషి ముఖాన్ని రెండు ఛాయలు తెల్లగా చేసి చేతికిస్తే సంతోషిస్తారని విద్యార్థులు అనుకుంటారు. అది పత్రికా ఛాయాచిత్రం కాకుండా పోవడమే కాదు, మీ ముఖం ఉన్నదున్నట్టుగా మాకు పనికిరాదని చెప్పినట్టూ అవుతుంది.

ఫోటోలో ఉన్న మనిషికి ఆ ఫోటో చూపించడం అంత ముఖ్యమా అని అడిగేవారికి రెండు ఉదాహరణలు చాలు. 1936లో కాలిఫోర్నియాలోని నిపోమో దగ్గర బఠాణీ కోత కూలీల శిబిరంలో డొరోథియా లాంజ్ తీసిన తల్లి ఫోటో అమెరికా ఆర్థిక మాంద్యానికే ప్రతీకగా నిలిచింది. ఆ తల్లి పేరును లాంజ్ అడగలేదు. ఆమె ఫ్లోరెన్స్ ఓవెన్స్ థాంప్సన్ అని లోకానికి తెలిసింది 1978లో. 1984లో పాకిస్తాన్‌లోని శరణార్థి శిబిరంలో స్టీవ్ మెక్‌కరీ తీసిన అఫ్గాన్ బాలిక ఫోటో మరుసటి ఏడాది ప్రపంచమంతా తిరిగింది. షర్బత్ గులా అనే ఆమె తన ఫోటోను మొదటిసారి చూసుకున్నది 2002లో. అంటే బడిలో చదువుకునే వయసు పిల్ల పిల్లల తల్లి అయ్యేంత కాలం, తనకు తెలియని తన ముఖం ఊరూరా వేలాడింది. ఈ ఇద్దరికీ ఒక ప్రతి అందినంత మాత్రాన అన్యాయమంతా తీరిపోయేది కాదు, కానీ అభ్యంతరం చెప్పాలంటే ముందు విషయం తెలియాలి కదా.

ఈ ప్రింటరు మన ఊళ్ళలో బయటపెట్టే అసలు సంగతి వేరే ఉంది. పెద్ద వయసువారు తమకు కావలసిన ఫోటో గురించి ఎంతో స్పష్టంగా ఉంటారు, ఆ ఫోటో మన విద్యార్థులకు కావలసినది కాదు. పొయ్యి ఊదుతున్నప్పుడో బీడీలు చుడుతున్నప్పుడో తెలియకుండా తీసిన ఫోటోలో సహజత్వం ఉందని మనం మురిసిపోతాం. దాన్ని ప్రింటు తీసి ఇస్తే ఆ అవ్వ మొహమాటానికి తీసుకుంటుంది, తర్వాత 'ఆగు బిడ్డా, మంచి చీర కట్టుకొని వస్త' అని లోపలికి వెళుతుంది. వచ్చి గోడకు ఆనుకుని నిటారుగా నిలబడి, నవ్వకుండా, సూటిగా కెమెరాలోకి చూస్తుంది. ఎందుకంటే చాలా ఇళ్ళలో పెద్దలకు ఆధార్ కార్డు మీద ఉన్న ఫోటో తప్ప మరొకటి ఉండదు, తాము పోయాక పిల్లలు పటం కట్టించి దండ వేసుకోవడానికి ఒక మంచి ఫోటో కావాలన్నది వారి కోరిక. ఆ మాటను వారు ఏ దాపరికమూ లేకుండా చెబుతారు. అందువల్ల మా విద్యార్థులకు రెండు ఫోటోలు తీయమని చెబుతున్నాను. ఒకటి వారు కోరినట్టుగా, వారి కోసం, అది ప్రింటు. రెండోది పత్రిక కోసం, విడిగా అడిగి. మొదటిదాన్ని పత్రికలో వేయాలనుకుంటే నిలబెట్టి తీసిన చిత్రమని ఫోటో కింది వ్యాఖ్యలో రాయాలి. ఈ యంత్రం వల్ల ఈ రెండింటికీ తేడా విద్యార్థికి కళ్ళముందు తెలుస్తుంది, ఏ తరగతి గదిలోనూ నేను ఇంత తేలికగా చెప్పలేకపోయాను.

ఫోటో తీస్తే ఆయుష్షు తగ్గుతుందని నమ్మే పెద్దలు ఇప్పటికీ ఉన్నారు, పసిపిల్లకు దిష్టి తగులుతుందని ఫోటో వద్దనే బాలింతలు ఊళ్ళలోనే కాదు, అపార్టుమెంట్లలోనూ ఉన్నారు. ఆ నమ్మకాన్ని వాదించి ఓడించడం విలేకరి పని కాదు. అక్కడ ప్రింటరు బయటికి తీసి 'చూడండి, ఎంత బాగా వస్తుందో' అనడం వారి మాటను తోసిరాజనడమే. ఇలాంటి చోట్లే క్రమం ముఖ్యం. అనుమతి ముందు, ఫోటో తర్వాత, ప్రింటు చివర. ప్రింటు వస్తుందన్న సంగతి ముందే చెబితే అది ఎరగా మారుతుంది. ముఖ్యంగా పిల్లల దగ్గర. ఒక్క షీటు బయటికి రాగానే సంతలోని పిల్లలంతా చుట్టూ చేరతారు, ఎవరి తల్లిదండ్రులు ఎవరో తెలియదు, అందరూ సరేనంటారు. పద్దెనిమిదేళ్ళ లోపువారి విషయంలో తల్లి లేదా తండ్రి అనుమతి కావాలన్నది మా నియమం. ఆశ్రమ పాఠశాలలో వార్డెన్ ఇచ్చే అనుమతిని దానికి బదులుగా లెక్కించడం కుదరదు.

పాతబస్తీలో గాజులు తయారుచేసే మహిళల దగ్గర ఈ యంత్రం మరో ఉపయోగం చూపింది. ముఖం పత్రికలో రాకూడదు, చేతులూ గాజులూ రావచ్చు, తమ ముఖం ఉన్న ఫోటో మాత్రం తమకు కావాలి అని కొందరు చెప్పారు. అంతవరకు అవును లేదా కాదు అని రెండే జవాబులున్నట్టు అడిగే విద్యార్థులకు ఇదొక కొత్త సంగతి. ముఖమున్న ఫోటోను ప్రింటు తీసి ఇచ్చి, వారు చూస్తుండగానే ఫోనులోంచి తొలగించాలి. తొలగించిన ఫోటోలు కొంతకాలం నిలిచివుండే ఫోల్డరును కూడా ఖాళీ చేయాలి. దీన్ని చాలామంది మరచిపోతారు.

కొన్ని చోట్లకు ఈ ప్రింటరును అసలు తీసుకువెళ్ళకూడదు. ఫోటో కాగితం ఇంట్లో ఉండిపోతుంది. అత్తగారి కంటో భర్త కంటో పడుతుంది. గృహహింస గురించి మాట్లాడిన స్త్రీకి, మత్తు విడిపించే కేంద్రంలో ఉన్నవారికి ఆ కాగితమే ప్రమాదం కావచ్చు. చట్టం కూడా గీత గీసింది. అత్యాచార బాధితుల గుర్తింపును బయటపెట్టడం భారతీయ న్యాయ సంహితలోని 72వ సెక్షన్ కింద నేరం. పోక్సో చట్టం 23వ సెక్షన్, బాల న్యాయ చట్టం 74వ సెక్షన్ పిల్లల గుర్తింపును కాపాడతాయి. హెచ్ఐవి ఉన్నవారి వివరాల గోప్యతకు 2017 నాటి చట్టం ఉంది. అండమాన్‌లో జారవా ఆదివాసుల రిజర్వు ప్రాంతంలో ఫోటో తీయడమే నిషిద్ధం కనుక అక్కడ అనుమతి, ప్రింటు అన్న ప్రశ్నే రాదు. గోండు, కోయ గూడేలలో అలాంటి నిషేధం లేకపోయినా, తెలుగులో అడిగిన ప్రశ్నకు తల ఊపితే అది సమ్మతి అనుకోరాదు. అనువదిస్తున్నది సర్పంచో అధికారో అయితే కాదనడం ఇంకా కష్టం. వేలిముద్ర వేయించుకునే పత్రాలను కూడా నేను ఇష్టపడను. తెల్లకాగితం మీద వేలిముద్ర వేసి భూమి పోగొట్టుకున్న కథలు తెలిసిన మనుషులకు ఆ పత్రం భయమే తప్ప భరోసా కాదు. వారి భాషలోనే అడిగి, జవాబును ఫోనులో రికార్డు చేసుకోవడం మేలు.

ఈ యంత్రానికున్న అతి పెద్ద లోపం దాని సొంపులోనే ఉంది. అరచేతిలో ఇమిడే కాగితాన్ని చూసిన మనిషి, తన ఫోటో అంటే ఇదేనని, ఇది తన దగ్గరే ఉందని అనుకుంటాడు. అదే ఫోటో కళాశాల ఇన్‌స్టాగ్రామ్ పేజీలో, అక్కడి నుంచి వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతుందన్న ఊహ ఆ కాగితం కలిగించదు. 2002లో గుజరాత్ అల్లర్లప్పుడు అహ్మదాబాద్‌లో చేతులు జోడించి సాయం కోరుతున్న దర్జీ ఫోటో దేశమంతటికీ తెలుసు. ఆ ఫోటో వల్ల ఆయన ఉద్యోగాలు పోగొట్టుకుని ఊళ్ళు మారవలసి వచ్చింది, ఏళ్ళ తర్వాత కూడా ఎన్నికల ప్రచారాల్లో దాన్ని వాడితే అభ్యంతరం చెప్పవలసి వచ్చింది. (ఆయన పేరు వెతికితే దొరుకుతుంది, ఇక్కడ దాని అవసరం లేదు.) కాబట్టి ప్రింటు ఇచ్చేటప్పుడు అదే ఫోనులో పత్రిక వెబ్‌సైటును, పాత సంచికలోని ఒక ఫోటోను తెరిచి చూపించి, ఇలా కనబడుతుంది, ఎవరైనా చూడవచ్చు అని చెప్పాలి.

కొనాలా? ఒకటి రెండు రోజుల పర్యటనలు చేసి, మళ్ళీ ఆ ఊరికి వెళ్ళే వీలు లేని విభాగాలకు కొనమనే చెబుతాను. దగ్గరి ఊళ్ళలోనే పనిచేసేవారికి అంత అవసరం లేదు. స్టూడియోలో పోస్టుకార్డంత ప్రింటు ఇంతకన్నా చౌక, ఎక్కువ కాలం నిలుస్తుంది, పటం కట్టించడానికి పనికొస్తుంది, దాన్ని ఇవ్వడానికి రెండోసారి వెళ్ళినప్పుడు అచ్చయిన సంచిక కూడా చేతికివ్వవచ్చు. కొంటే మాత్రం ఫిల్ము ఖర్చును విభాగమే భరించాలి. విద్యార్థి సొంత డబ్బుతో కొన్న షీట్లయితే, పత్రికకు ఫోటో ఇచ్చినవారికే ప్రింటు దక్కుతుంది, వద్దన్న మనిషికి తనకోసం ఒక్క ఫోటో అడిగినా దక్కదు.