బేగంబజార్ ఊదే శంఖం: సరుకు అసలుదే, కోతే నాసి

బేగంబజార్ పూజాసామాను దుకాణంలో కొన్న ఊదే శంఖం ఇది. పొడవు ఆరంగుళాలు, బరువు అరకిలో పైనే, ధర 1,400 రూపాయలు.

సరుకులో మోసం లేదు. శంఖం నోట్లోకి వేలు పెట్టి తడిమితే లోపలి నడికాడ (చుట్లన్నీ తిరిగే నడిమి స్తంభం) మీద గట్టి మడతలు వరుసగా తగులుతాయి. మన్నార్ సింధుశాఖలో తూత్తుకుడి వైపు మునిగి తీసే శంఖానికి అదే గుర్తు. ఇసుకలో గొట్టాలు కట్టుకుని బతికే పురుగుల్ని తినే నత్త గుల్ల ఇది. ఉల్లిపాయ కూడా ముట్టని ఇళ్లలో దేవుడి గూట్లో కూర్చున్నది మాంసాహారే! గోడ ఎంత మందమంటే, బెంగాలీ పెళ్లికూతుళ్ల తెల్ల గాజులు దీన్నే అడ్డంగా కోసి చేస్తారు.

లోపమంతా కోతలో ఉంది. కొన తెగ్గోస్తే చాలదు, అక్కడి చిన్న చుట్ల గోడల్ని కూడా చెక్కేసి గాలికి దారి తెరవాలి. ఇందులో ఓ పలుకు అలాగే వదిలేశారు. అందుకే మోత తేలిగ్గా పుట్టదు, పుట్టినా గొంతు నొక్కినట్టు వస్తుంది. రంధ్రం అంచు పెదవికి గీరుకుంటోంది. పలుకును సన్నని ఆకురాయితో తీసి, అంచును 220 నంబరు ఎమరీ కాగితంతో, తర్వాత 600తో నున్నగా చేయాలి. నీళ్లలో తడుపుతూనే రుద్దండి, ఆ పొడి ఊపిరితిత్తుల్లోకి పోకూడదు. ఊదేటప్పుడు బుగ్గలు ఉబ్బించి లాభం లేదు. పెదాలు బిగించి అదిరించాలి.

మరీ తెల్లగా, సుద్దముక్కలా వెలవెలబోయేవి పక్కన పెట్టండి, యాసిడ్‌లో ముంచినవి కావచ్చు. ఇంట్లోనూ ఇత్తడి చెంబుతో పాటు చింతపండేసి తోమకండి. గుల్లంతా కాల్షియం కార్బొనేటే, పులుపు తగిలితే మెరుపు కరిగిపోతుంది. మంచినీళ్లు, మెత్తటి బ్రష్షు చాలు.

అదే అరలో ‘దక్షిణావర్తి’ (మామూలు శంఖానికి ఎదురు దిశలో చుట్లు తిరిగినది) కూడా ఉంది, వేలల్లో చెబుతున్నారు. చుట్ల కొన పైకి, నోరు మనవైపు పెడితే తెరుపు ఎడమకే ఉంది, నిజమే. కానీ నడికాడ మీద ఆ మడతల వరుస లేదు. అమెరికా తీరంలో ఆల్చిప్పల్ని తినే వేరే నత్తకు పుట్టుకతోనే ఎడమ చుట్టు, దాని గుల్లే ఈ పేరుతో తిరుగుతుంటుంది. అభిషేకానికైతే కొన కోయని మామూలు శంఖం అడగండి, అది ఇక్కడ బాగుంది.