ట్రిపుల్ బాండా, డబుల్ బాండా: కర్రలా నిలిచే అణువుకి ఏది మేలు?

మొన్న క్యాంటీన్‌లో, కొత్తగా చేరిన జూనియర్ ఒకమ్మాయి నోట్‌బుక్ తెరిచి రెండు బొమ్మలు నా ముందు పెట్టింది. రెండింట్లోనూ మూడేసి బెంజీన్ వలయాలు. ఒకదాంట్లో వాటిని ట్రిపుల్ బాండ్లు కలుపుతున్నాయి, ఇంకోదాంట్లో డబుల్ బాండ్లు. "అక్కా, రెండూ పొడుగ్గానే ఉన్నాయి, రెండూ వెలుగుతాయంటున్నారు, దేంతో మొదలుపెట్టమంటావ్?" అంది. చాయ్ చల్లారేదాకా చెప్పినా సగమే అయింది. తార్నాకలోని రసాయన పరిశోధన సంస్థ ఐఐసీటీలో గానీ, గచ్చిబౌలి క్యాంపస్‌లో గానీ, ఉస్మానియాలో గానీ ఇలా వెలుగిచ్చే కర్రలాంటి అణువులు తయారుచేసే పనిలోకి కొత్తగా వచ్చినవాళ్ళకి ఇదే అనుమానం రావచ్చు, అందుకే మిగతా సగం ఇక్కడ రాస్తున్నాను.

మొదట ఆకారం సంగతి. ట్రిపుల్ బాండ్ ఉన్నవాటిని ఫినిలీన్ ఇథైనిలీన్లు అంటాం, డబుల్ బాండ్ ఉన్నవాటిని ఫినిలీన్ వినిలీన్లు. ట్రిపుల్ బాండ్ దగ్గర కోణం 180 డిగ్రీలు, కాబట్టి వలయం, బాండ్, వలయం ఒకే గీత మీద ఉంటాయి. నిజమైన కర్ర ఇదే. డబుల్ బాండ్ దగ్గర కోణం సుమారు 120, అందుకని రెండోది అడుగడుక్కీ కాస్త వంగుతూ మెట్లుమెట్లుగా సాగుతుంది. మొత్తమ్మీద పొడుగే, కానీ సింగిల్ బాండ్ల చుట్టూ తిరిగినప్పుడల్లా ఆ మెట్ల వరస మారిపోతుంది, దాంతోపాటు చివర నుంచి చివరకి ఉండే దూరమూ మారుతుంది. ట్రిపుల్ బాండ్ అణువులో ఎంత తిరిగినా ఆ దూరం అంతే.

అయితే చాలామంది ఇక్కడే పొరపడతారు: నిటారుగా ఉంటే చదునుగా కూడా ఉంటుందనుకుంటారు. ఉండదు! ట్రిపుల్ బాండ్ ఇరుసులాంటిది, దాని మీద వలయాలు ఇష్టమొచ్చినట్టు తిరుగుతాయి, ఆ తిరుగుడుకి అడ్డు మోల్‌కి 1 కిలోకేలరీ కంటే తక్కువే. గది ఉష్ణోగ్రత దగ్గర అది అడ్డే కాదు. ఈ ఒక్క విషయం స్పెక్ట్రంలో, అంటే ఏ తరంగదైర్ఘ్యం దగ్గర ఎంత కాంతి పీల్చుకుంటుందో (శోషణ), ఎంత వెలువరిస్తుందో (ఉద్గారం) చూపే గ్రాఫులో, కళ్ళకి కట్టినట్టు కనిపిస్తుంది. మూడు వలయాల ఇథైనిలీన్ తీసుకుంటే శోషణ 320 నానోమీటర్ల దగ్గర వెడల్పుగా, పెద్దగా గీతలు లేకుండా వస్తుంది, ఎందుకంటే తిరిగినవీ, సగం తిరిగినవీ, చదునైనవీ అన్నీ కలిసి కాంతిని పీల్చుకుంటున్నాయి. ఉద్గారం మాత్రం 350 నుంచి 370 మధ్య విడివిడి శిఖరాలతో నీట్‌గా ఉంటుంది. కాంతి పీల్చుకున్నాక వచ్చే ఉత్తేజిత స్థితిలో వలయాలన్నీ ఒకే తలంలోకి వచ్చేస్తాయి కాబట్టి, వెలుగిచ్చే సమయానికి అందరిదీ ఒకే ఆకారం. శోషణ, ఉద్గారం అద్దంలో ప్రతిబింబాల్లా ఉండాలని పాఠంలో చదువుకుంటాం కదా, అది ఇక్కడ పనిచేయకపోవడానికి కారణం ఇదే. మొదటిసారి ఆ రెండు గ్రాఫులూ ఒకే కాగితం మీద వేసి చూసుకున్న రోజు నాకు ఇంకా గుర్తుంది, శాంపిల్ పాడైందేమోనని రెండుసార్లు మళ్ళీ కొలిచాను.

వెలుగులో మాత్రం డబుల్ బాండ్‌దే పైచేయి అని నా అభిప్రాయం. మూడు వలయాల వినిలీన్, అంటే డైస్టైరిల్‌బెంజీన్, 350 దగ్గర పీల్చుకుని 400 అటూఇటుగా నీలం వెలుగిస్తుంది, క్వాంటం యీల్డ్, అంటే పీల్చుకున్న కాంతి కణాల్లో తిరిగి వెలుగుగా వచ్చే వాటా, 0.9 దగ్గర ఉంటుంది. దాని చెల్లెలు, రెండు వలయాల స్టిల్బీన్, ట్రాన్స్ రూపంలో (డబుల్ బాండ్‌కి వలయాలు ఎదురెదురు వైపుల ఉన్న రూపం; ఒకే వైపు ఉంటే సిస్) ఉన్నా 0.05 దాటడం కష్టం, ఎందుకంటే కాంతి తగలగానే డబుల్ బాండ్ మెలితిరిగి ఆ శక్తిని వృథా చేసేస్తుంది. ఇంకో స్టైరిల్ (డబుల్ బాండ్‌తో కూడిన వలయం) జతచేస్తే ఉత్తేజిత స్థితి శక్తి దిగుతుంది, మెలితిరగడం కష్టమవుతుంది, వెలుగు పెరుగుతుంది. మూడు వలయాల ఇథైనిలీన్ సైక్లోహెక్సేన్‌లో 0.6 దగ్గర ఆగుతుంది. అలాగని ట్రిపుల్ బాండ్‌ని తక్కువ చేయకండి. మధ్య బెంజీన్ తీసేసి ఆంత్రసీన్ పెట్టి చూడండి, 1 దగ్గరికి వెళ్ళిపోతుంది. జాతరల్లో పిల్లలు చేతికి కట్టుకునే ఆకుపచ్చ గ్లో స్టిక్కుల్లో వాడే రంగుల్లో ఆ బిస్-ఫినైల్ఇథైనిల్ ఆంత్రసీన్ ఒకటి.

పేరుప్రఖ్యాతుల్లోనూ ఇద్దరూ ఇద్దరే. 1990లో కేంబ్రిడ్జ్ బృందం ప్రకటించిన పాలిమర్ ఎల్‌ఈడీ వెలిగింది పాలీ ఫినిలీన్ వినిలీన్‌తోనే. 1998లో ఎమ్‌ఐటీలో స్వేగర్ బృందం టీఎన్‌టీ పేలుడు పదార్థం ఆవిరిని పసిగట్టడానికి వాడింది ఇథైనిలీన్ పాలిమర్‌ని.

ఇక ఫ్లాస్క్ దగ్గరికి వద్దాం, నిర్ణయం నిజంగా జరిగేది ఇక్కడే.

ట్రిపుల్ బాండ్‌కి సొనోగషిరా కప్లింగ్, ట్రిపుల్ బాండ్ ముక్కని వలయానికి అతికించే 1975 నాటి రియాక్షన్. పల్లాడియం, కాపర్ అయొడైడ్, ఒక అమీన్. వలయం మీద అయొడిన్ ఉంటే (అరైల్ అయొడైడ్) గది ఉష్ణోగ్రతలోనే నడుస్తుంది, బ్రోమైడ్ అయితే వేడి పెట్టాలి. నడుస్తున్నంతసేపూ ఫ్లాస్క్‌లో తెల్లటి అమీన్ ఉప్పు పేరుకుంటుంది, ద్రావణం పసుపు నుంచి ముదురు గోధుమకి మారుతుంది, చూడ్డానికి తృప్తిగా ఉంటుంది. కానీ దీనికి శత్రువు ఆక్సిజన్. గాలి చొరబడితే రెండు ఆల్కైన్లు (ట్రిపుల్ బాండ్ ముక్కలు) ఒకదానికొకటి అతుక్కుని డైఐన్ అవుతాయి. నేను మొదటి ఏడాది తొందరలో పది నిమిషాలు ఆర్గాన్ బబుల్ చేసి చాలనుకున్నాను. టీఎల్‌సీ పలక మీద (పదార్థాల్ని చుక్కలుగా విడదీసి చూసేది) యూవీ ల్యాంప్ కింద నీలంగా ఒకే స్పాట్, సంబరపడ్డాను. కార్బన్ ఎన్‌ఎమ్‌ఆర్ (ఒక్కో రకం కార్బన్‌కి ఒక్కో గీత చూపే కొలత) తీస్తే 90 పీపీఎమ్ దగ్గర రావాల్సిన గీతలతో పాటు 74, 82 దగ్గర ఇంకో జత కూర్చుని ఉంది. అదే డైఐన్, శుద్ధి చేసే కాలమ్‌లో అసలు పదార్థంతో కలిసి దిగింది. ఆ రెండింటినీ విడదీయడానికి వారం పట్టింది. అప్పట్నుంచి ఫ్రీజ్-పంప్-థా (గడ్డకట్టించి, గాలి లాగేసి, కరిగించడం) మూడుసార్లు చేయందే కాపర్ వేయను. ఇంకొకటి, ట్రిపుల్ బాండ్‌ని అందించే, ఒక చివర సిలైల్ రక్షణ ఉన్న ట్రైమిథైల్‌సిలైల్ అసిటిలీన్ 53 డిగ్రీలకే మరుగుతుంది, దాన్ని వ్యాక్యూమ్ పెట్టే ముందే వేశారంటే పంపులోకి పోయినట్టే. గాలి తీసేశాక, చివర్లో సిరంజితో వేయండి. మన ఊళ్ళో మే నెల మధ్యాహ్నం ఏసీ లేని గదిలో అయితే ఇది మరీ జాగ్రత్తగా చూసుకోవాలి, 40 డిగ్రీలకి మరిగే డైక్లోరోమీథేన్ పోసిన కాలమ్‌లో బుడగలొచ్చి చీలికలు పడటం ఆ రోజుల్లో మామూలే.

డబుల్ బాండ్‌కి హార్నర్-వాడ్స్‌వర్త్-ఎమన్స్ రియాక్షన్. బెంజైల్ బ్రోమైడ్‌ని ట్రైఇథైల్ ఫాస్ఫైట్‌లో 150 డిగ్రీల దగ్గర వేడిచేస్తే ఫాస్ఫోనేట్ వస్తుంది. దానికి ఆల్డిహైడ్, బేస్ కలిపితే చాలు. పల్లాడియం ఖర్చు లేదు, దాదాపు అంతా ట్రాన్స్ రూపమే వస్తుంది, వెంట వచ్చే ఫాస్ఫేట్ నీళ్ళలో కొట్టుకుపోతుంది. ప్రోటాన్ ఎన్‌ఎమ్‌ఆర్‌లో డబుల్ బాండ్ మీది రెండు హైడ్రోజన్ల మధ్య కప్లింగ్ (ఈసారి రియాక్షన్ కాదు, గీతల మధ్య ఎడం) 16 హెర్ట్జ్ చూపిస్తే ట్రాన్స్, 12 దగ్గర చూపిస్తే సిస్ కలిసిందని అర్థం. పాత విటిగ్ పద్ధతి నేను వద్దంటాను, సిస్, ట్రాన్స్ కలగాపులగంగా వస్తాయి, పైగా ట్రైఫినైల్‌ఫాస్ఫిన్ ఆక్సైడ్‌ని వదిలించుకోవడం ఒక పెద్ద టెన్షన్. ఇబ్బంది అంటారా, తయారయ్యాక ఉంటుంది: పల్చటి ద్రావణాన్ని కిటికీ పక్కన వెలుతురులో వదిలేస్తే కొంత సిస్‌గా మారొచ్చు, ఆక్సిజన్ కూడా ఉంటే డబుల్ బాండ్ తెగి ఆల్డిహైడ్ రావచ్చు. సీసాకి అల్యూమినియం ఫాయిల్ చుట్టి పెట్టుకోవాలి. ట్రిపుల్ బాండ్‌కి ఈ సిస్, ట్రాన్స్ గొడవే లేదు.

కరగడం విషయంలో రెండూ మొండివే. గట్టి కర్రలు ఒకదాని మీద ఒకటి పేర్చుకుంటాయి, పొడవు పెరిగేకొద్దీ ఏ ద్రావణిలోనూ దిగవు. మధ్య వలయానికి రెండు హెక్సైలాక్సీ లేదా ఆక్టైలాక్సీ తోకలు తగిలిస్తే దారికొస్తాయి, కానీ ఆ ఆక్సిజన్లు రంగుని కూడా ఎరుపు వైపు జరుపుతాయని గుర్తుంచుకోండి.

మధ్యలో ఏ బాండూ లేకుండా వలయాల్నే సుజుకి కప్లింగ్‌తో నేరుగా కలిపేస్తే పోలా అని ఇంకొకతను అడిగాడు. కలపొచ్చు, కానీ పక్కపక్కన హైడ్రోజన్లు గుద్దుకుని వలయాలు మెలితిరుగుతాయి, ఆరు వలయాలకి వెళ్ళేసరికి అసలు కరగదు. మొదటి ప్రాజెక్టుకి వద్దు.

వెలుగు కొలిచేటప్పుడు ఒక్క మాట. వెలుగు ఎంతో ముందే తెలిసిన క్వినైన్ సల్ఫేట్‌తో పోల్చేవాళ్ళు శోషణ 0.1 దాటనివ్వకండి. చిక్కటి ద్రావణం తన వెలుగుని తనే మింగేస్తుంది, అప్పుడు ఏ అణువు మేలో ఆ అంకె చెప్పదు.

ఇంతకీ ఆ అమ్మాయికి ఏం చెప్పానంటే, ముందు నీ పనేంటో చెప్పమన్నాను. రెండు చివరలా కార్బాక్సిలిక్ ఆమ్లం పెట్టి, లోహ అయాన్ల మధ్య స్తంభాల్లా నిలబెట్టాలంది. అయితే ఆలోచించక్కర్లేదు, ట్రిపుల్ బాండే. స్తంభం పొడవు మారకూడదు, వెలుగు కాస్త తగ్గినా ఫర్వాలేదు. పైగా ఈస్టర్ ఉన్న అయొడోబెంజోయేట్ ఎలక్ట్రాన్లు తక్కువున్న వలయం, సొనోగషిరాలో చకచకా కలుస్తుంది. అదే ఈస్టర్ రెండో దారిలో బలమైన బేస్‌కి దొరికి చెడే ప్రమాదముంది. నీలం ఎల్‌ఈడీకో, లేజర్ రంగుకో అని ఉంటే ఫాస్ఫోనేట్ దగ్గరికే పంపేదాన్ని. మధ్య ముక్క డైఇథైనిల్‌బెంజీన్ మాత్రం ముందే చేసి దాచుకోకు, నిలవ ఉంటే గోధుమ రంగుకి తిరుగుతుంది, సిలైల్ రక్షణ తీసిన రోజే వాడేయమన్నాను. రేపు ఆర్గాన్ సిలిండర్ మారుస్తున్నారు. ఎల్లుండి మొదటి రియాక్షన్ పెడుతోంది, మూడోసారి థా అయ్యేదాకా నేనూ పక్కనే ఉంటాను.