అన్‌జా ఇస్సొయో, అన్‌కో ఇస్సొయో: ఏది ఎప్పుడు?

కొరియన్‌లో కూర్చోవడాన్ని తెలిపే 'అన్‌త' క్రియకు ఈ రెండు రూపాలూ ఉన్నాయి.

అర్థం: మొదటిది 'కూర్చుని ఉన్నారు'; రెండోది 'ఇప్పుడే కూర్చుంటున్నారు'.

శ్రమ: తెలుగువారికి మొదటిది తేలిక, ఎందుకంటే మన 'కూర్చుని ఉండు' కూడా పని ముగిశాక నిలిచిన స్థితినే చెబుతుంది.

ప్రమాదం: తినడం, చదవడం వంటి క్రియలకు 'కో ఇస్సొయో' చేర్చే అలవాటుతో, సబ్‌వే సీటులో ఉన్న స్నేహితుణ్ణి చూపి 'అన్‌కో ఇస్సొయో' అంటే, అతను ఇంకా మోకాళ్లు వంచుతూ సీటులోకి ఒదుగుతున్నట్లు అర్థమవుతుంది. పెద్దవారైతే 'అన్‌జా కెసెయో' అనడమే మర్యాద.

బెంచీ మీదో, ఫొటోలోనో ఉన్నవారికి మొదటిది, కూర్చునే కదలికను వర్ణించడానికి రెండోది తగినవి; ఆ కదలికను చెప్పాల్సిన సందర్భాలు అరుదు కనుక మొదటిదాన్నే ముందుగా నేర్చుకోవాలి.