పాత సర్వర్‌ని ఉన్నదున్నట్టు వీఎంగా మార్చాలా, కొత్తగా కట్టుకోవాలా?

డిస్క్2వీహెచ్‌డీ లాంటి టూల్‌తో, నడుస్తున్న విండోస్ సర్వర్‌కే ఇమేజ్ (డిస్క్ మొత్తానికి నకలు) తీసి వీఎంగా, అంటే వేరే మెషీన్ లోపల సాఫ్ట్‌వేర్‌గా నడిచే వర్చువల్ మెషీన్‌గా లేపొచ్చు. ఇన్‌స్టాలర్ పోయి, తయారుచేసినవాళ్లు కూడా దొరకని అప్లికేషన్‌కి ఇదే దిక్కు. కానీ పాత చెత్తంతా వెంట వస్తుంది. వీఎంలోని కొత్త నెట్‌వర్క్ కార్డుకి పాత ఐపీ అడ్రస్ ఇవ్వబోతే, అది వేరే అడాప్టర్‌కి (అంటే పాత సర్వర్‌లోని కార్డుకి) ఉందని విండోస్ హెచ్చరిస్తుంది. డివైస్ మేనేజర్‌లో దాచిన డివైస్‌లు చూపించమని పెట్టి, మసకగా కనిపించే ఆ పాత కార్డుని తీసేస్తే సరి.

కొత్త వీఎంలో ఓఎస్ వేసి డేటా తరలించాలంటే టైమ్ పడుతుంది. అయినా నా ఓటు దీనికే. విండోస్ సర్వర్ 2012 ఆర్2కి ఎక్స్‌టెండెడ్ (పొడిగించిన) సపోర్ట్ కూడా 2023 అక్టోబర్ 10తో ముగిసింది. దాన్నే వీఎంలో పెడితే హార్డ్‌వేర్ టెన్షన్ పోతుంది, సెక్యూరిటీ టెన్షన్ పోదు. డొమైన్ కంట్రోలర్‌కైతే (ఆఫీసు నెట్‌వర్క్‌లో యూజర్ల లాగిన్‌లు చూసే సర్వర్) ఇమేజ్ జోలికి వెళ్లొద్దు. కొత్త డొమైన్ కంట్రోలర్‌ని చేర్చి, పాతదాని రోల్స్ (బాధ్యతలు) దానికి మార్చి, పాతదాన్ని తప్పించండి.