జతకోసం కనిపెట్టుకొని ఉండే విశ్వాసికి ఏది మేలు: వాగ్దానమని పట్టుకోవడమా, కోరికను చంపుకోవడమా, దేవునితో చెప్పుకుంటూ బ్రతకడమా?

ప్రార్థన కూడిక చివర "ప్రార్థనాంశాలు ఉంటే చెప్పండి" అని కాపరి అడిగినప్పుడు ఒకరు తల్లి ఆరోగ్యం గురించి చెబుతారు, ఇంకొకరు పరీక్షల గురించి చెబుతారు. పెళ్లి వయసు దాటిపోతోందని నలుగురూ అనుకుంటున్న విశ్వాసి మాత్రం, ఏళ్ల తరబడి రాత్రిపూట మోకాళ్లమీద అడుగుతున్న ఆ ఒక్క సంగతిని నోటిదాకా తెచ్చుకొని, మళ్లీ మింగేసి, "నా ఆత్మీయ జీవితం కోసం ప్రార్థించండి" అని ఊరుకుంటారు. ఆ మింగేసిన మాట అవిశ్వాసమూ కాదు, సిగ్గుపడవలసినదీ కాదు. అయితే ఆ కోరికను విశ్వాసంలో ఎక్కడ ఉంచుకోవాలి అనే ప్రశ్నకు సంఘాల్లో మూడు రకాల జవాబులు వినబడతాయి. ఆ మూడింటినీ పక్కపక్కన పెట్టి చూడటం అవసరం, ఎందుకంటే వాటిలో ఏది ఎంచుకున్నామన్నదాన్ని బట్టే, పెళ్లి జరిగినా జరగకపోయినా, దేవునిపట్ల మన హృదయం ఎలా ఉంటుందో చాలావరకు తేలుతుంది.

మొదటి జవాబు అందరికీ తెలిసిందే: "నీకోసం దేవుడు ఒకరిని ఇదివరకే సిద్ధపరచి ఉంచాడు, విశ్వాసంతో పట్టుకో." దీనికి ఆధారంగా యెషయా 34:16లోని "దేని జతపక్షి దానియొద్ద ఉండక మానదు" అనే మాటను వాగ్దాన వచనంగా ఇస్తారు. దానితోపాటు "యెహోవానుబట్టి సంతోషించుము ఆయన నీ హృదయవాంఛలను తీర్చును" అనే 37వ కీర్తన మాటనూ జోడిస్తారు. ఈ మార్గంలో ఉన్న బలాన్ని తక్కువ చేయకూడదు. నిరాశ కమ్ముకున్న రోజుల్లో ఎందరినో ఇది నిలబెట్టింది. తొందరపడి తగని సంబంధంలోకి జారిపోకుండా ఎందరినో ఆపింది. రాబోయే వ్యక్తి కోసం ఇప్పటినుంచే పవిత్రంగా జీవించాలన్న తపననూ కలిగించింది.

కానీ ఆ యెషయా అధ్యాయాన్ని మొదటినుంచి చదివిన వారికి ఒక ఇబ్బంది ఎదురవుతుంది. అది ఎదోము దేశంమీద తీర్పు ప్రకటించే అధ్యాయం. మనుషులు లేకుండా పోయి, కోటలలో ముండ్లచెట్లు మొలిచిన ఆ పాడుదేశాన్ని అడవి జంతువులూ పక్షులూ స్వతంత్రించుకుంటాయనీ, వాటిలో ఒక్కటీ తప్పిపోదనీ ప్రవక్త చెబుతున్నాడు. అవివాహితుల సంగతి అక్కడ లేదు. 37వ కీర్తన కూడా దుష్టులు వర్ధిల్లుతున్నప్పుడు మత్సరపడకుండా దేవుని కొరకు కనిపెట్టుకొమ్మని చెప్పే కీర్తనేగాని, మన కోరికల జాబితాకు ముందే పడిన సంతకం కాదు. వివాహం దేవుడు ఏర్పాటు చేసిన మేలు అని లేఖనం పదేపదే చెబుతుంది. సామెతలు 18:22 భార్య దొరికినవానికి మేలు దొరికిందని, అతడు యెహోవా వలన అనుగ్రహం పొందినవాడని అంటుంది. అయితే ప్రతి విశ్వాసికీ ఆ మేలు తప్పక దొరుకుతుందన్న మాట ఆదికాండము నుంచి ప్రకటన వరకు ఎక్కడా లేదు. యిర్మీయా 16లోనైతే, నీవు వివాహం చేసుకోవద్దని ప్రవక్తకు దేవుడే ఆజ్ఞాపించాడు.

దేవుడు ఇవ్వని మాటను ఇచ్చినట్టు పట్టుకున్నవారికి, ఆ మాట నెరవేరనప్పుడు రెండే దారులు మిగులుతాయి. దేవుడు మాట తప్పాడని అనుకోవాలి, లేదా తమ విశ్వాసంలోనే ఏదో లోపం ఉందని తమను తామే నిందించుకోవాలి. నలభై ఏళ్ల వయసులో "నాకు తగినంత విశ్వాసం లేకపోయింది" అని ఏడ్చే సహోదరికి ఆ భారాన్ని మోపింది దేవుడు కాదు. మంచి మనసుతోనే అయినా సందర్భం తప్పించి వచనం ఇచ్చిన మనమే దానికి కారణం. ఇది నాకు చాలా బాధ కలిగించే సంగతి.

ఈ మార్గంలో మరొక ప్రమాదం ఉంది, దాని గురించి తక్కువగా మాట్లాడతారు. తనకోసం ఒకే ఒక్కరు నియమించబడి ఉన్నారని నమ్మినవారు ఎదుటి వ్యక్తి గుణాన్ని చూడటం మానేసి సూచనలను లెక్కపెట్టడం మొదలుపెడతారు. కలలో వినబడిన పేరు, ఒకే రోజున ఇద్దరికీ వచ్చిన వాక్యం, ప్రసంగంలో యాదృచ్ఛికంగా దొర్లిన మాట, ఇవన్నీ రుజువులైపోతాయి. చివరికి "నీవే నా భాగస్వామివని దేవుడు నాతో చెప్పాడు" అనే మాట బయటికి వస్తుంది. ఆ మాట విన్న వ్యక్తికి కాదనే స్వేచ్ఛ ఎక్కడ ఉంటుంది? కాదంటే దేవునికి ఎదురు చెప్పినట్టవుతుంది. తానూ అదే దేవునికి ప్రార్థిస్తున్న మనిషినన్న సంగతి ఆ క్షణంలో పక్కకు నెట్టబడుతుంది. ఇసాకుకు భార్యను వెతకడానికి వెళ్లిన అబ్రాహాము దాసుడు దేవుణ్ణి అడిగిన గురుతు అక్షరాలా నెరవేరిన తరువాత కూడా, ఆదికాండము 24లో రిబ్కాను పిలిచి "ఈ మనుష్యునితోకూడ వెళ్లెదవా" అని అడిగారు. ఆమె "వెళ్లెద"నన్న తరువాతే పంపించారు.

రెండో జవాబు దీనికి పూర్తిగా వ్యతిరేకమైనది: "క్రీస్తు నీకు చాలు, ఇంకా మనిషి కోసం ఆశపడుతున్నావంటే ఆ ఆశే నీకు విగ్రహం, దాన్ని సిలువ వేయి." ఈ మాట మాట్లాడేవారికి పౌలు అండగా ఉన్నాడు. పెళ్లికానివారు ప్రభువు విషయమైన కార్యాలను గూర్చి చింతిస్తారని, తనవలెనే ఉండటం మేలని 1 కొరింథీ 7లో ఆయన రాశాడు. మన ప్రభువు పెళ్లి చేసుకోలేదు. ఫిలిప్పు నలుగురు కుమార్తెలు కన్యకలుగా ఉండి ప్రవచించారు. వివాహం కాకపోతే మనిషి అసంపూర్ణుడని భావించే ఎవరికైనా ఈ సాక్ష్యం ఎంతో అవసరం. పునరుత్థానంలో పెళ్లి చేసుకోవడం గాని పెళ్లికియ్యడం గాని ఉండదని యేసు చెప్పిన మాట, వివాహం ఎంత గొప్పదైనా శాశ్వతమైనది కాదని గుర్తుచేస్తుంది.

అయినా ఈ జవాబు లేఖనం ఆగినచోట ఆగదు. నరుడు ఒంటరిగా నుండుట మంచిది కాదని దేవుడు అన్నది పాపం ప్రవేశించక ముందు. ఆదాము ఏదెను తోటలో దేవునితో ఏ అడ్డూ లేని సహవాసంలో ఉన్నాడు. అతని ఒంటరితనానికి కారణం భక్తి తక్కువ కావడమని ఎవరూ అనలేరు. మరి అలాంటి స్థితిలో ఉన్న మనిషికి కూడా సాటియైన సహాయం కావాలని సృష్టికర్తే చెప్పినప్పుడు, ఈ లోకపు అలసటలో బ్రతుకుతున్న విశ్వాసి తోడు కోరుకోవడాన్ని విగ్రహారాధన అని ఎలా అంటాం? కోరిక విగ్రహంగా మారవచ్చు, మారుతుంది కూడా. అది దొరకనందుకు దేవునిమీద అలిగి ప్రార్థన మానేసినప్పుడు, దానికోసం ఆయన మాటను మీరడానికి సిద్ధపడినప్పుడు మారుతుంది. కోరిక ఉండటమే విగ్రహం కాదు.

పౌలు కూడా తన మాటకు తానే హద్దు గీశాడు. కన్యకల విషయంలో ప్రభువు ఆజ్ఞ తనకు లేదని ముందే ఒప్పుకున్నాడు. ప్రతివానికీ దేవుడిచ్చిన కృపావరం వేరని, పెళ్లి చేసుకుంటే పాపం లేదని, మీకు ఉరి ఒడ్డాలని ఈ మాటలు చెప్పడం లేదని రాశాడు. ఆయన వరమన్నదాన్ని సంఘం కొన్ని కాలాల్లో మెట్టుగా మార్చింది. 4వ శతాబ్దం చివర యొవినియన్ అనే సన్యాసి, కన్యకలకూ వివాహితులకూ దేవుని ఎదుట సమానమైన ఘనతే ఉందని బోధించినందుకు ఖండించబడ్డాడు. 393లో బైబిలు పండితుడైన జెరోము అతనికి ఎంత ఘాటుగా జవాబు రాశాడంటే, వివాహాన్నే కించపరిచాడని సొంత మిత్రులు సైతం కలవరపడ్డారు. 1525లో సన్యాసం విడిచిన సంస్కర్త మార్టిన్ లూథర్ కాథరీనా ఫాన్ బోరాను పెళ్లి చేసుకున్న తరువాత, సంస్కరణ సంఘాల్లో తూకం వివాహం వైపుకు ఒరిగి, పెళ్లికానివారికి చోటు తగ్గుతూ వచ్చింది. ఈ రోజు ఒకే సంఘంలో ఒకే విశ్వాసికి "ఇంకా పెళ్లి కాలేదా" అన్న ప్రశ్నా, "పెళ్లి గురించి ఆలోచించడం ఆత్మీయం కాదు" అన్న గద్దింపూ రెండూ వినబడుతున్నాయంటే అందులో ఆశ్చర్యం లేదు.

చంపుకున్న కోరిక చాలాసార్లు చావదు, మాట్లాడటం మాత్రం మానేస్తుంది. న్యాయాధిపతులు 11లో యెఫ్తా కుమార్తె తన కన్యాత్వం గురించి ప్రలాపించడానికి రెండు నెలలు గడువు అడిగి, చెలికత్తెలతో కలిసి కొండలమీదికి వెళ్లింది. అది, ఇంటినుంచి మొదట ఎదురొచ్చినదాన్ని బలిస్తానన్న తండ్రి మొక్కుబడి తెచ్చిన ఘోరం, దాన్ని ఎవరి ఒంటరితనంతోనూ సరిపోల్చలేం. కానీ దక్కకుండా పోయిన వివాహం కోసం ఆమె ఏడ్చినందుకు లేఖనం ఒక్క మాటా తప్పుపట్టలేదు. పైగా ఇశ్రాయేలు కుమార్తెలు ఏటా నాలుగు రోజులు ఆమెను జ్ఞాపకం చేసుకునేవారని రాసింది. ఆమె ఒంటరిగా ఏడవలేదు. మన మధ్య అలా ఏడ్చే సహోదరుడు లేదా సహోదరి పక్కన ఎవరు కూర్చుంటున్నారు?

మూడో మార్గం, దేవునితో చెప్పుకుంటూ బ్రతకడం, పిల్లలు లేని హన్నాది. ఆమె అడిగింది బిడ్డను, భర్తను కాదు. అయినా తీరని ఆశతో దేవుని దగ్గరికి ఎలా వెళ్లాలో ఆమెకంటే బాగా చూపించినవారు అరుదు. తనకు బిడ్డ తప్పక పుడతాడని ప్రకటించుకోలేదు, బిడ్డ అవసరం లేదనీ అనుకోలేదు. బహు దుఃఖంతో ఏడుస్తూ తన ఆత్మను యెహోవా సన్నిధిలో కుమ్మరించింది. పెదవులు కదిలాయేగాని స్వరం వినబడలేదు, యాజకుడు ఆమెను మత్తులో ఉందనుకున్నాడు. తరువాత ఆమె వెళ్లి భోజనం చేసింది, అటుపిమ్మట దుఃఖముఖిగా ఉండటం మానిందని 1 సమూయేలు 1:18 చెబుతుంది. ఆ సమయానికి ఆమె ఇంకా గర్భవతి కాలేదు. చేతిలో ఉన్నదల్లా యాజకుడు పలికిన దీవెన మాట ఒక్కటే. ఆమె ముఖాన్ని మార్చింది బిడ్డ కాదు, దేవుడు విన్నాడన్న నెమ్మది.

హన్నాకు అడిగింది దొరికింది కదా అని అనేవారికి, సిలువకు ముందు రాత్రి యేసు ప్రార్థించిన గెత్సేమనే ఉంది. "నా యిష్టప్రకారము కాదు నీ చిత్తప్రకారమే కానిమ్ము" అన్న యేసు, దానికి ముందు తన ఇష్టం ఏమిటో దాచకుండా చెప్పాడు, మూడుసార్లు అడిగాడు. పౌలు కూడా తనను బాధిస్తున్న శరీరంలోని ముల్లు తొలగించమని మూడుసార్లు వేడుకున్నాడు, ముల్లు పోలేదు, కృప చాలునన్న జవాబు వచ్చింది. మొదటి మార్గం నీ చిత్తం అనే మాటను అవిశ్వాసంగా చూస్తుంది, రెండోది నా ఇష్టం అనే మాటను పాపంగా చూస్తుంది. ప్రభువు ప్రార్థనలో ఆ రెండూ ఒకే ఊపిరిలో ఉన్నాయి.

జర్మనీకి చెందిన కాపరి డీట్రిచ్ బోన్‌హోఫర్‌కు మరియా ఫాన్ వెడెమాయర్‌తో 1943 జనవరిలో వివాహం నిశ్చయమైంది. ఏప్రిల్‌లో ఆయన్ను నాజీలు చెరలో వేశారు. 1945 ఏప్రిల్ 9న ఉరితీశారు. ఆ పెళ్లి జరగలేదు. చెరలో నుంచి 1944 మే నెలలో ఒక స్నేహితునికి రాసిన ఉత్తరంలో ఆయన, దేవుని ప్రేమ పాటలో మూల రాగంలా స్థిరంగా ఉంటే భూసంబంధమైన ప్రేమ దానితో పాటు మరో స్వరంగా నిండుగా పలకవచ్చనే భావం వెలిబుచ్చాడు. ఆరాటాన్ని చంపుకోమని ఆయన చెప్పలేదు, విడుదల తప్పదనీ చెప్పలేదు.

నా తూకంలో మొగ్గు ఈ మూడో మార్గానికే. ఇది తేలికని మాత్రం చెప్పను. మొదటి మార్గంలో నిశ్చయం ఉంటుంది, రెండో దానిలో ముగింపు ఉంటుంది, దీనిలో ఆ రెండూ లేవు. ఒకసారి సమర్పించుకున్నది వచ్చే ఆదివారానికి మళ్లీ చేతిలోకి వచ్చేస్తుంది, స్నేహితుల వివాహ ఆరాధనలో ఆ ఆదికాండము వాక్యం చదవగానే గొంతు పట్టేస్తుంది, తిరిగి మొదటినుంచి చెప్పుకోవలసి వస్తుంది. అయినా పెళ్లి జరిగితే ఆ భాగస్వామిమీద దేవుడు మాత్రమే తీర్చగల ఆశలన్నీ మోపకుండా ఇది కాపాడుతుంది, జరగకపోతే దేవుడు మోసం చేశాడన్న చేదు మిగలకుండా ఆపుతుంది.

ప్రార్థిస్తూ ఊరకే ఉండటం మేలా, వెతకడం మేలా అన్న ప్రశ్నపై ఎక్కువ చెప్పనవసరం లేదు. అబ్రాహాము దాసుడు పది ఒంటెలతో ప్రయాణం చేసి, స్త్రీలు నీళ్లు చేదుకోవడానికి వచ్చే సాయంకాలం బావి దగ్గర నిలబడి, అప్పుడు ప్రార్థించాడు. అతడు అడిగిన గురుతు కూడా గుణాన్ని చూపించేదే: ముక్కూముఖం తెలియని బాటసారి ఒంటెలన్నిటికీ అడగకుండానే నీళ్లు చేదిపోసే మనసు. విధవరాలైన రూతుకు వివాహ విషయంలో అత్త నయోమి ఆలోచన చెప్పింది. పెద్దలతో చెప్పడం, పరిచయాలకు తావివ్వడం, సంబంధం గురించి విచారించడం విశ్వాసానికి లోటు కాదు. ఇసాకు తరఫున మరొకరు వెళ్లి వెతికినా, రిబ్కాను పెళ్లి చేసుకునేనాటికి అతనికి నలభై ఏళ్లు.

అయితే వెతుకులాటకు ఒక హద్దు ఉంది, అది అన్నిటికంటే కష్టమైనది. వయసు పెరిగేకొద్దీ విశ్వాసుల్లో అవకాశాలు తగ్గి, మంచివాడే, మంచిదే, క్రీస్తునే ఎరుగరు అనే సంబంధం ఎదురైనప్పుడు ఏది మేలు? విధవరాలికి పౌలు ఇచ్చిన స్వేచ్ఛలో "ప్రభువునందు మాత్రమే" అన్న షరతు ఉంది, అది విశ్వాసులందరికీ వర్తిస్తుందనే సంఘం మొదటినుంచీ గ్రహించింది. నీ జీవితానికి మూలమైనవాడే నీ ఇంట్లో పరాయివాడైతే ఆ ఒంటరితనం పెళ్లికాకముందు ఉన్నదానికంటే లోతైనది. అందుకే ఈ ఒక్కచోట ఒంటరిగా మిగలడమే మేలని చెప్పక తప్పదు. కానీ ఆ మాట చెప్పే సంఘానికి ఆ మాట ఖరీదులో పాలు పంచుకునే బాధ్యత కూడా ఉంది. "నేను ఎండిన చెట్టు" అని నపుంసకుడు అనుకోకూడదని, కుమారులకంటెను కుమార్తెలకంటెను శ్రేష్ఠమైన పేరు తన ఇంట్లోనే అతనికి ఇస్తానని యెషయా 56లో దేవుడు మాట ఇచ్చాడు. ఆ ఇల్లు మనమే అయినప్పుడు, ప్రభువు కోసం సంబంధాన్ని వదులుకున్న సహోదరి ఆదివారం మధ్యాహ్నం ఎవరి బల్ల దగ్గర కూర్చుంటుందో, జ్వరం వచ్చిన రాత్రి ఎవరికి ఫోన్ చేయగలదో అడిగి తెలుసుకోవలసింది కూడా మనమే.